భోజనాల గదిలో రెండు స్తంభాలు

ఆ ఇంట్లో పెళ్ళికో అంతస్తు లేచింది.

తండ్రి కట్టింది కింది భాగం ఒక్కటే. పెద్దకొడుకు పెళ్ళి చేసుకుని అందులోనే కాపురం పెట్టాడు. రెండోవాడి పెళ్ళికి దాని మీద ఒక అంతస్తు వేశారు. అల్లుణ్ణి దూరంగా ఉంచడం ఇష్టంలేక కూతురి పెళ్ళికి ఇంకొకటి వేశారు. ఆఖరివాడు కాలేజీలో ఉండగానే, ఎప్పటికైనా వీడికీ పెళ్ళి చేయక తప్పదు కదా, సిమెంటు ధర పెరక్కముందే ఓ పనైపోతుందని మూడోదీ వేసేశారు. ఆ ఆఖరివాడు చదువుతున్నది కట్టడాల ఇంజినీరింగు. ఏ స్తంభం ఎంత బరువు మోయగలదో లెక్కకట్టడం అతను హాస్టల్లో కూర్చుని నేర్చుకుంటున్న రోజుల్లోనే, ఇక్కడ అతని రాబోయే సంసారం బరువు వెళ్ళి కింది స్తంభాల నెత్తిన కూర్చుంది. అతన్నెవరూ అడగలేదు. ఇంట్లో చిన్నవాణ్ణి అడిగి చేసే పనులేముంటాయి?

ఇప్పుడతనికి నలభై దాటాయి. ఊళ్ళో అందరికీ ఇంజినీరు గారు, ఇంట్లో మాత్రం చిన్నోడు. ఎవరి గోడకి పగులొచ్చినా, ఎవరి బాల్కనీ వంగినా అతన్ని పిలుచుకుపోతారు. సొంత ఇంటి సంగతి అతను ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో కొంత తెలుసు కాబట్టే చూడలేదేమో.

నాలుగు వాటాలకీ నాలుగు వంటిళ్ళున్నాయి. పొయ్యి వెలిగేది కింద ఒక్కచోటే. తండ్రి బతికున్నప్పుడు పెట్టిన పద్ధతి అది. ఆయన పోయినా పద్ధతి పోలేదు. "మాకు నాలుగు అంతస్తులున్నా పొయ్యి ఒక్కటే" అని రెండో అంతస్తులో ఉండే అక్క నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. చెప్పుకోవడం అక్క వంతు, వండటం కింది వాటాలో పెద్దన్నయ్య భార్య, వదిన వంతు. పై వంటిళ్ళలో టీ మాత్రం కాచుకునేవాళ్ళు. అక్క టీకి కూడా కిందికే వచ్చేది, ఆమె పొయ్యికి కొన్నప్పటి ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది.

కింద భోజనాల గదిలో రెండు స్తంభాలు, వాటి మధ్య పొడుగ్గా ఒక టేకు బల్ల. పదకొండు మంది ఒక్కసారి కూర్చోవచ్చు. పెద్దన్నయ్య వడ్రంగిని ఇంటికే పిలిపించి, ఆ రెండు స్తంభాల మధ్య కొలత తీయించి, అక్కడికక్కడే చేయించాడు. ఆయన కూర్చునే కుర్చీ బల్ల చివర మూలన, ఒక స్తంభం పక్కన ఉండేది. తిన్నాక కుర్చీ జరుపుకుని తల దానికి వాల్చేవాడు. ఏళ్ళ తరబడి వాల్చగా స్తంభం మీద సున్నం పోయి, తలనూనె మరక ఒకటి మిగిలింది. పోయిన వానాకాలం ఆయన పోయాడు. నెల తిరక్కుండానే బావ ఆ కుర్చీలోకి మారాడు. ఫ్యాను గాలి అక్కడికి బాగా తగులుతుందట.

వదిన వంట ఆగలేదు. ఆగాలని ఎవరికీ తోచలేదు.

ఒకరోజు పొద్దున ఇంజినీరు ఆఫీసుకి బయల్దేరుతూ మంచినీళ్ళ కోసం కిందికొస్తే, వదిన ఒక స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. కళ్ళు మూసుకుని, ఊపిరి తన దారిన తను వచ్చేదాకా ఆగుతున్నట్టుంది.

"ఏమైంది వదినా?"

"ఏం కాలేదు. కళ్ళు తిరిగాయి. ఆ అన్నం గిన్నె దించేసరికి ఇలా అవుతోంది ఈమధ్య."

"డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"డాక్టరేమంటాడు, విశ్రాంతి తీసుకోమంటాడు. అది నాకూ తెలుసు." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "చిన్నోడా, ఈ ఇంట్లో ఒక నెలపాటు ఎవరికీ ఆకలి వేయకపోతే బాగుండు."

"మరి చెప్పొచ్చుగా. ఎవరి వంట వాళ్ళు చేసుకుంటారు."

"ఏమని చెప్పను? ఆయన పోగానే పొయ్యి విడదీసిందంటారు. మీ అక్కే అంటుంది ముందు." ఆవిడ లేచి, మూత తీసి కూర చూసింది. "నువ్వూ చెప్పకు. నా పేరే వస్తుంది."

అతను చెప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసుకి క్యారియరు మామూలుగానే వచ్చింది. విప్పి తినేశాడు.

ఆ వచ్చే ఆదివారం రెండో అన్నయ్య కొత్త మాట ఎత్తాడు. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసరు. రేపేం జరుగుతుందో ఎవరికి తెలుసునని ఊరందరికీ చెప్పి సంతకాలు చేయించుకునే మనిషి.

"మేడ మీద ఊరికే బట్టలారేసుకుంటున్నాం. నాలుగో అంతస్తు వేసి అద్దెకిద్దాం. ఏమంటార్రా?"

"బట్టలెక్కడ ఆరేస్తాం?" అంది అక్క.

"దాని మీద."

"వేసేముందు పిల్లర్లు చూడాలన్నయ్యా," అన్నాడు ఇంజినీరు. "అసలు ఇప్పుడున్నది మోస్తున్నాయో లేదో చూడాలి."

బావ ప్లీడరు. అన్నం కలుపుతూనే, "మోయకపోతే మనం ఎక్కడ కూర్చుని తింటున్నామోయ్?" అన్నాడు. "ఇంట్లో డాక్టరుంటే రోజుకో రోగమట. ఇంజినీరుంటే ఏమవుతుందో ఇప్పుడు చూస్తాం."

అయినా చూడమన్నారు. ఖర్చులేని పని కదా, ఇంటివాడే చేస్తాడు. అతను మూడు సాయంత్రాలు కింద గడిపాడు. కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో స్తంభాల మీద స్ప్రింగు సుత్తితో కొట్టి చూశాడు. ఒకచోట గుండ్రంగా చిన్న ముక్క కోసి తీయించి, నలగ్గొట్టి చూడటానికి ల్యాబుకి పంపాడు. లోపల ఊచలెన్ని, ఎంత లావువి, తుప్పు పట్టాయా అని ఒక మూల చెక్కి చూసుకున్నాడు. పునాది కనిపించేదాకా తవ్వించాడు. పునాది మాత్రం వెడల్పుగా, గట్టిగా ఉంది. మట్టిలో కలిసిపోయేదానికి ధారాళంగా పెట్టి, కనిపించేదాని దగ్గర పొదుపు చేశాడు నాన్న. రెండు అంతస్తులకి మించి కట్టే కొడుకులు పుడతారని ఆయన అనుకుని ఉండడు.

వదిన తన పని తను చేసుకుంటూ, అతని పని చూస్తూ ఉండేది.

"పడిపోయేముందు ఏమైనా తెలుస్తుందా?" అని అడిగింది ఒకసారి.

"దూలమైతే తెలుస్తుంది వదినా. మధ్యలో వంగుతుంది, కింద పగుళ్ళిస్తుంది. గోల చేస్తుందన్నమాట. మనకి సర్దుకోడానికి టైముంటుంది."

"పిల్లరో?"

"తిన్నగా నెత్తిమీద పడే బరువుకి పిల్లరు ఏమీ అనదు. చివరిదాకా అలాగే ఉంటుంది."

"ఊఁ," అంది వదిన.

మళ్ళీ ఆదివారం అందరూ బల్ల దగ్గరున్నప్పుడు అతను లెక్క చెప్పాడు.

"ఈ గదిలో పిల్లరు ఒక్కొక్కటీ భద్రంగా మోయగలిగింది ముప్పై టన్నులు."

"బోలెడు," అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడు మోస్తున్నది నలభై రెండు."

చేతులు ఆగాయి. ఎక్కువసేపు ఆగలేదు.

"అయితే నీ లెక్క తప్పు," అన్నాడు బావ. "ముప్పై మోసేది నలభై రెండు మోస్తోందంటే, అది ముప్పై మోసేది కాదనే కదా. సాక్షి ఎదురుగా నిలబడి ఉంటే నువ్వు కాగితం చూపిస్తావేమిటోయ్?"

"ఒరేయ్, మరీ ముప్పై అంటే ఎలారా," అన్నాడు అన్నయ్య. "నలభై అను. మనవాళ్ళమే కదా."

"ఇది నేను చెప్పే బేరం కాదన్నయ్యా."

"పోనీ ముప్పై ఎనిమిది. మిగతా నాలుగూ ఎలాగో సర్దుకుందాం. మా వాటాలో ఆ పాత ఇనప బీరువా తీసేస్తాను."

"మా ఆయన్ని కలిపావా లెక్కలో?" అని అడిగింది అక్క. బావ నిండైన మనిషి.

"కలిపాను."

"ఆయన్ని కింద పడుకోబెడితే?"

"టన్నులో పదోవంతు తగ్గుతుందక్కా."

బావ అక్క వైపు చూసి, మరో గరిటె అన్నం వేయించుకున్నాడు.

ఇంజినీరు ఓపిగ్గా చెప్పాడు. "విరిగిపోయే బరువు వేరు, పెట్టదగిన బరువు వేరు. మధ్యలో కొంత జాగా వదులుతారు. మేస్త్రీ ఇసక ఎక్కువ కలిపినా, ఊచ ఒకటి తగ్గినా, ఏదో ఒక రోజు ఇంటినిండా జనం దిగినా ఆ జాగాలో సరిపోవాలి. మనం ఆ జాగాలో కాపురం పెట్టాం."

"చవగ్గానే వచ్చింది కదా," అన్నాడు బావ.

అప్పటిదాకా వడ్డిస్తున్న వదిన ఆగి అడిగింది. "నా బరువు ఎంత పడుతోంది చిన్నోడా?"

"నీది పడదు వదినా. నీ ఇంటి నేల మట్టి మీద ఉంది. పైవాళ్ళందరూ పిల్లర్ల మీద ఉన్నారు. నువ్వు లేవు."

"నయం," అంది వదిన. "నేనొక్కదాన్నయినా దానికి బరువు కాలేదు." కూర గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

నాలుగో అంతస్తు మాట అలా వెనక్కి పోయింది. ఉన్న అంతస్తుల మాట ముందుకొచ్చింది. ఏం చేయాలో ఇంజినీరు చెప్పాడు. ఆ రెండు స్తంభాలకీ చుట్టూ కొత్త ఊచలు కట్టి, నాలుగంగుళాల మందాన కొత్త కాంక్రీటు తొడుగు వేయాలి. అంచుల్లో గోడల్లో కలిసిపోయిన స్తంభాలు సగం బరువే మోస్తాయి కాబట్టి వాటికి ఇప్పటికి భయం లేదు. ఇదంతా అందరికీ నచ్చింది. తర్వాత మాట నచ్చలేదు.

"అందరూ నెలన్నరపాటు ఖాళీ చేయాలి. సామాన్లతో సహా."

"పని జరిగేది కింద కదరా," అన్నాడు అన్నయ్య.

"బరువు వచ్చేది పైనుంచి కదన్నయ్యా. తొడుగు వేసేముందు పిల్లరు మీంచి బరువు దించాలి. మనుషులూ సామాన్లూ పోతే ఐదోవంతు తగ్గుతుంది. మిగతాది జాకీలు పెట్టి ఎత్తాలి. ఇల్లు జాకీల మీద ఉన్నప్పుడు ఇంట్లో మనుషులు ఉండకూడదు."

"దించకుండా పోసేస్తే? కాంక్రీటు కాంక్రీటే కదా."

"పోయొచ్చు. గట్టిపడుతుంది కూడా. కానీ పాతదాని మీదున్న బరువు పాతదాని మీదే ఉంటుంది. కొత్తది పక్కన నిలబడుతుంది, అంతే. రేపు కొత్తగా ఏదైనా బరువొస్తే అందులో వాటా తీసుకుంటుందేమో గానీ, ఉన్నదాన్ని పంచుకోదు. పంచుకోవాలంటే ముందు దించాలి."

ఆ మాట చెబుతుంటే అతనికి పోయిన వానాకాలం గుర్తొచ్చింది. పెద్దన్నయ్య పోయిన పొద్దున వచ్చినవాళ్ళందరూ వదినని నాలుగు వైపులా పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మధ్యాహ్నానికి ఆవిడే లేచి వాళ్ళందరికీ అన్నం పెట్టింది.

"పక్కన నిలబడితే చాలులేరా," అన్నాడు అన్నయ్య. "చూడ్డానికి లావుగా ఉంటుంది. అదో ధైర్యం."

"పిల్లల పరీక్షలున్నాయి," అంది అన్నయ్య భార్య, ఆ పూటకి అదే మొదటి మాటగా.

"నా క్లయింట్లకి ఈ అడ్రసే తెలుసు," అన్నాడు బావ. "అయినా ఇన్నేళ్ళు నిలబడ్డది రేపు కూలుతుందని నిరూపించాల్సిన బాధ్యత నీది. నిరూపించు, వెళ్తాం."

"కూలితేనే కదా బావా నిరూపణ."

"అదీ సంగతి. అప్పుడు మాట్లాడుకుందాం."

గంటసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి అందరూ ఒక న్యాయమైన ఏర్పాటుకి వచ్చారు. పని జరిగేది కింది వాటాలో. దుమ్మూ ధూళీ అక్కడే. కాబట్టి ముందు వదిన ఖాళీ చేస్తుంది. పైవాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ విధంగా, స్తంభాల మీద బరువు వేయని ఒకే ఒక్క మనిషిని ఇంట్లోంచి పంపించి, భారం కొంత తగ్గించినట్టు అందరూ తృప్తిగా లేచారు.

వదిన కాదనలేదు. పక్క వీధిలో చెల్లెలి ఇల్లుంది, అక్కడికి వెళ్తానంది. వంట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇల్లు మారితే వంట కూడా మారుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మొక్కకి వేళ్ళున్నట్టు వదినకి వంటిల్లు ఉంటుందనుకున్నారు, ఎక్కడ నాటినా క్యారియర్లు వస్తాయని.

బయల్దేరే ముందు రోజు ఇంజినీరు సుద్దముక్క తీసుకుని కింద నేల మీద తొడుగు గీతలు గీస్తున్నాడు. వదిన బట్టలు కుట్టే టేపు మెడలో వేసుకుని వచ్చి నిలబడింది.

"ఈ పాత సున్నమంతా చెక్కేస్తారా?"

"చెక్కాలి వదినా. గరుకుగా లేకపోతే కొత్తది పట్టుకోదు." అతని చూపు నూనె మరక మీదికి పోయింది. "కావాలంటే ఆ కాస్త..."

"వద్దు. పట్టుకోకపోతే ఎలా? చెక్కించు." ఆవిడ అరచేయి ఒకసారి అక్కడ ఆనించి తీసేసింది. తర్వాత అడిగింది. "ఎంత లావు వేస్తున్నావు?"

"చుట్టూ నాలుగంగుళాలు."

"ఆరు వేస్తే?"

"నాలుగు సరిపోతుంది. లెక్క చూశాను."

"సరిపోతుందని కాదు. ఆరు వేస్తే ఇంటికేమైనా నష్టమా అని."

అతను ఆలోచించాడు. "నష్టం లేదు. ఇంకా మంచిదే. పునాది తట్టుకుంటుంది. కాస్త సిమెంటు ఎక్కువవుతుంది, గదిలో జాగా తగ్గుతుంది."

"జాగా నాదే కదా," అంది వదిన.

అతను టేపు వైపు చూశాడు. టేపు చివర ఆవిడ వేలితో పట్టుకుని ఉంది, ఇప్పుడే ఏదో కొలిచి వచ్చినట్టు. తర్వాత రెండు స్తంభాల మధ్యా, రెండు చివరలా కలిపి తొమ్మిదంగుళాలే వదిలి పరుచుకున్న బల్లని చూశాడు. నాలుగు వేస్తే బల్ల ఇరుకుగానైనా పడుతుంది. ఆరు వేస్తే పట్టదు. ఆ లెక్కకి ఇంజినీరింగు చదవక్కర్లేదు.

"సరే వదినా. ఆరు," అన్నాడు. పాత గీత చెప్పుతో చెరిపేసి, కొత్త గీత గీశాడు.

వదిన వెళ్ళిన మర్నాడు పొద్దున పైవాళ్ళు మామూలు వేళకి మామూలుగా కిందికి దిగి, తాళం చూసి, మళ్ళీ పైకెక్కారు. మొదటి రెండు రోజులూ హోటలు. మూడో రోజుకి అన్నయ్యకి కడుపునొప్పి. నాలుగో రోజు అక్క పొయ్యి మీది ప్లాస్టిక్ కాగితం ఊడదీసింది. సిలిండరు అసలెప్పుడూ పెట్టించలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంజినీరు భార్య బ్యాంకులో పనిచేస్తుంది. ఆమె పంతం పట్టి వండింది.

"పెళ్ళయిన పన్నెండేళ్ళకి నా పొయ్యి మీద అన్నం ఉడికింది," అంది భర్త ముందు పళ్ళెం పెడుతూ. "ఉడికిందని నేనంటున్నాను. మీరు లెక్క చూసి చెప్పండి."

అతను తిని, ఉడికిందనే అన్నాడు. సంసారంలోనూ కొంత జాగా వదలాలి.

అన్నయ్య వాటాలో ఉప్పు తగాదాతో మొదలై, ఎవరి పుట్టింటివాళ్ళు ఏమి నేర్పలేదో అన్నదాకా వెళ్ళింది. రెండో అంతస్తులో బావ తన జీవితంలో మొదటిసారి కేసు ఓడిపోకుండానే డీలా పడ్డాడు. అందరూ వదినకి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఎన్ని నీళ్ళు పోయాలి, ఏ డబ్బాలో ఏముంది, నూనె ఎప్పుడు వేయాలి. ఫోను ఎప్పుడూ ఆవిడ చెల్లెలే ఎత్తేది.

"అక్క పడుకుంది," అనేది.

"ఇప్పుడా? మధ్యాహ్నం మూడింటికా?" అంది ఇటునుంచి ఇంజినీరు అక్క.

"ఇప్పుడే."

సాయంత్రం చేస్తే, "పడుకుని ఇంకా లేవలేదు" అనేది. మర్నాడు పదకొండింటికి చేసినా అదే మాట. వదిన పగటిపూట పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని ఇంజినీరు వెళ్ళి చూశాడు. కిటికీ కింద మంచం మీద, గోడవైపు తిరిగి, చెప్పులు విడవగానే పడిపోయినట్టు నిద్రపోతోంది. చెల్లెలు గుమ్మంలోనే వేలు పెదవి మీద పెట్టింది. అతను అడుగు లోపల పెట్టకుండానే తిరిగి వచ్చేశాడు. బాగుందని అక్కకి చెప్పాడు.

రెండో వారం అయ్యేసరికి ఇల్లు కదిలింది. అన్నయ్య భార్య, పిల్లల పరీక్షలు అక్కణ్ణించే రాయొచ్చంటూ పుట్టింటికి బయల్దేరింది. వెనకే అన్నయ్య. బావకి తన తల్లి మీద ఉన్నట్టుండి బెంగ పుట్టింది. క్లయింట్లకి కొత్త అడ్రసు ఇచ్చాడు. స్తంభం కూలుతుందంటే కదలనివాళ్ళు, కూర కుదరలేదని కదిలారు. వెళ్తూ వెళ్తూ, సొంత ఇంట్లో ముద్ద లేని బతుకైపోయిందని ఎవరికి వాళ్ళు వాపోయారు గానీ, ఖాళీ చేస్తున్నామని ఎవరూ అనలేదు. ఇంజినీరు నోరు మెదపలేదు. వాళ్ళ సామాన్లు దింపించడంలో మాత్రం తెగ సాయం చేశాడు.

చివరికి తను కూడా భార్యాపిల్లలతో ఒక అద్దె గదిలోకి మారి, జాకీలు తెప్పించాడు.

దూలాల కింద ఇనప కాళ్ళు నిలబెట్టి, ఒక్కో జాకీనీ కొంచెం కొంచెంగా తిప్పించాడు. స్తంభం పక్కన చిన్న గడియారంలాంటి కొలత పెట్టి, ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు ముల్లు కదల్లేదు. తర్వాత గోరు మందంలో సగం కదిలింది. అంతే. అంతకంటే ఎత్తక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా నెత్తిన ఉన్న బరువు దిగడానికి అంత మాత్రం చోటు చాలు. ఆ చోటు ఇవ్వడానికి ఇంటిల్లిపాదీ వీధిన పడాల్సి వచ్చింది.

సున్నం చెక్కారు. మరక పోయింది. కొత్త ఊచలు కట్టి, ఆరంగుళాల తొడుగు పోశారు. గోనెసంచులు చుట్టి తడిపారు. అది గట్టిపడేదాకా ఆగి, జాకీలు మెల్లిగా వదిలారు. బరువు పాతదాని మీదికీ కొత్తదాని మీదికీ కలిసి దిగింది.

అందరూ ఒక్కో రోజు తేడాతో తిరిగి వచ్చారు. అందరికంటే ముందు అన్నయ్య వచ్చి, కొత్త స్తంభాన్ని అరచేత్తో చరిచి చూశాడు.

"ఇది ఏనుగురా. ఇప్పుడు నాలుగోది వేయొచ్చుగా?"

"అంచు పిల్లర్లు ఒప్పుకోవన్నయ్యా."

"వాటికీ వేసేద్దాం."

"మళ్ళీ ఖాళీ చేయాలి."

అన్నయ్య అరచేయి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత, పనికోసం వాకిట్లోకి తీసి పెట్టిన బల్లని నలుగురూ పట్టుకుని లోపలికి తెచ్చారు. పెట్టబోతే పట్టలేదు. మూడంగుళాలు తక్కువ. తిప్పి పెట్టారు. గదంతా తిప్పి తిప్పి చివరికి అడ్డంగా పెడితే వంటింటి తలుపు తెరుచుకోలేదు. ఐమూలగా పెడితే తెరుచుకుంది గానీ, లోపలికి వెళ్ళేవాళ్ళు బల్ల కింద నుంచి దూరాలి. బావ దూరి చూశాడు, రెండోసారి చూడలేదు.

"కోసేస్తే పోలా," అన్నాడు మోకాళ్ళు దులుపుకుంటూ.

"ఆయన చేయించిన బల్ల," అంది వదిన. తిరిగి వచ్చాక ఆవిడ అన్న మొదటి మాట అదే. కాస్త ఒళ్ళు చేసింది. "కోయడానికి నాకు మనసొప్పదు."

ఎవరికీ ఒప్పలేదు. పోయిన మనిషి బల్ల మీద రంపం పెట్టమని ఎవరంటారు? మేడ మీదికి తీసుకెళ్దామంటే మెట్ల మలుపులో తిరగదు. చివరికి అది వాకిట్లోనే వర్షం పడని చోట నిలబడింది. రెండు రోజులకే దాని మీద హెల్మెట్లు, న్యూస్‌పేపర్లు చేరాయి.

"ఏమోయ్, నువ్వు ఇంజినీరువి కదా, ఇంట్లో బల్ల కొలత చూసుకోవద్దా?" అన్నాడు బావ.

"చూడాల్సింది బావా," అన్నాడు ఇంజినీరు.

"చదువులు చదువులే, ఇంగితం ఇంగితమే."

అక్క చాలా బాధపడింది. "మరి అందరం ఎక్కడ కూర్చుంటాం వదినా?"

"అదే నాకూ తోచడం లేదమ్మా," అంది వదిన. ఆ రెండు స్తంభాల మధ్య ఇప్పుడూ ఒక చిన్న బల్ల పడుతుంది. ఆవిడ అది కూడా కొనలేదు. కిటికీ పక్కన ఒక కుర్చీ వేసుకుంది, ముందు చిన్న స్టూలు పెట్టుకుంది. విడతలు విడతలుగా తిందామని అన్నయ్య ఒక పూట ప్రయత్నించాడు గానీ, మూడో విడత వచ్చేసరికి మొదటి విడతవాళ్ళకి మళ్ళీ ఆకలేసే వేళయింది. పైగా ఎవరు ముందన్నది తేలలేదు. వారం తిరిగేసరికి ఎవరి సిలిండరు వాళ్ళు తెప్పించుకున్నారు. మా ఇంట్లో పొయ్యి ఒక్కటేనని చెప్పుకోవడం అక్క మానలేదు. ఉన్న పద్ధతిని చెప్పుకోవడానికి అది ఉండక్కర్లేదు.

ఒక సాయంత్రం ఇంజినీరు ఆఫీసు నుంచి వచ్చి, అలవాటుకొద్దీ కింది వాటాలోకి అడుగుపెట్టాడు. భార్య ఇంకా బ్యాంకు నుంచి రాలేదు. పొద్దున తొందరలో తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. గది నిండా తాలింపు వాసన. వదిన కిటికీ పక్కన కూర్చుని తింటోంది. పళ్ళెంలో అన్నం మీంచి ఇంకా పొగలు వస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆవిడ వేడన్నం తినడం అతను చూసిన గుర్తు లేదు. అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలింది కలుపుకుని, వంటింట్లోనే నిలబడి తినేది. ఇప్పుడు ముద్ద కలిపి, ఊది, బయట వీధిలో పోయేవాళ్ళని చూస్తూ, తొందరేమీ లేనట్టు నములుతోంది. పక్కన గిన్నెలో ఇంకొకరికి సరిపడా అన్నం ఉంది. రేపటికేమో.

అలికిడికి తల తిప్పింది. ముద్ద చేతిలోనే ఆగింది. కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది, లేవబోతున్నట్టు.

"తిన్నావా చిన్నోడా?"

"తిన్నాను వదినా," అన్నాడతను.

ఆవిడ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. చిన్నప్పటినుంచి అతని ఆకలి తెలిసిన మనిషి. మళ్ళీ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"సరే అయితే," అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

అతను స్తంభం పక్కగా నడిచి, మెట్లెక్కాడు. మొదటి అంతస్తులో ఏదో మాడిన వాసన, దాని గురించి వాదన. రెండో అంతస్తులో కుక్కరు ఎన్ని కూతలు కూసిందో అక్కా బావా ఒక మాట మీదికి రాలేకపోతున్నారు. అతను ఆగకుండా పైకి వెళ్ళి, చేతులు కడుక్కుని, బియ్యం డబ్బా ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు.